తాత నడక

జూన్ 3

ఒరేయ్ గీతలబాబూ,

క్షేమమని మొదలుపెట్టి చివర్లో తిట్టడం నాకు చేతకాదు, అందుకని ముందే తిడుతున్నాను. నిన్న కంచరగాడిదలాయన బంగాళాదుంపల బస్తాతోపాటు మీ ఆఫీసు కవరు కూడా తెచ్చాడు. అందులో కొత్త మ్యాపు చిత్తుప్రతి ఉంది. మన లోయ దగ్గర తెల్లగా ఉండాల్సిన చోట ఉత్త నేలకి వేసే గోధుమరంగు పూసి ఉంది. ఆ అంచు గీత ఎవరిదో నాకు తెలియదనుకున్నావా? చిన్నప్పుడు నా పలక మీద ఏనుగుని గీసినప్పుడు కూడా దాని వీపు అలాగే వణికేది.

అంటే తాతని నువ్వే చంపేశావన్నమాట.

ఈ మాట చదివి నా మరదలు కంగారుపడుతుందేమో, ఆమెకి చెప్పు. మన సొంత తాతలు ఎప్పుడో పోయారు. ఇక్కడ తాత అంటే మంచు. ఆ పేరు నాన్న పెట్టాడు. ఎప్పుడు చూసినా కూర్చున్నట్టే ఉంటాడు, మనం నిద్రపోయి లేచేసరికి కాస్త ముందుకి జరిగి ఉంటాడు, అందుకని.

కవరులో ఒక కాగితం కూడా పెట్టారు. 'సదరు మంచులో చలనం లేదు. చలనం లేని మంచు హిమానీనదం కాదు. కనుక మ్యాపు నుండి తొలగించి, కొలతల గదిని సీజను చివర మూసివేయవలెను.' ముసలివాడు రెండేళ్ళు మంచం దిగలేదు కాబట్టి పాడె కట్టండి అన్నట్టుంది. నాన్న తర్వాత ఈ గది తాళంచెవి నా కొంగున కట్టుకున్నాను. మీ పెద్దసారు కాగితం మీద ముద్ర గుద్దినంత మాత్రాన దాన్ని విప్పి ఇచ్చేస్తానా?

ఇవాళే వరస పాతాను. ఇటు బండగోడ మీద నాన్న గుర్తుగా వేసిన తెల్లసున్నా నుంచి అటు బండగోడ మీది తెల్లసున్నా దాకా, మంచుకి అడ్డంగా, పదకొండు కర్రలు. పాపిట తీసినట్టు తిన్నగా ఉన్నాయి. నాన్న చెప్పేది గుర్తుందిగా, నడిమివాడు ముందు నడుస్తాడు, అంచులవాళ్ళు గోడ పట్టుకుని వెనకపడతారు. సీజను చివర వరస నడుమ కిందికి వంగితే తాత బతికున్నట్టు. అప్పుడు ఆ తెలుపు నీ చేత్తోనే మళ్ళీ వేయిస్తాను.

మీ బావ బాగానే ఉన్నాడు. కొత్త పొయ్యి వచ్చాక వంటగది దాటి బయటికి రావడం లేదు. నా ఎడమ మోకాలు ఒక్కటే మీ ఆఫీసు పక్షాన చేరింది.

అక్క
కొలతల గది, తెరిచే ఉంది

జూన్ 19

అక్కకు,

తిట్లు అందాయి. ఒక్కటి కూడా దారిలో రాలిపోలేదు. నీ మరదలు గట్టిగా చదివి వినిపించింది. మా అమ్మాయి మళ్ళీ అడిగితే మళ్ళీ చదివింది.

రంగు నేనే వేశాను. కాని అది నా ఇష్టం మీద వేసిన రంగు కాదక్కా. పోయిన రెండు సీజన్లూ వరస వంగలేదని కొలిచి పంపింది నువ్వే. నీ కొలత తప్పదని ఆఫీసంతా నమ్ముతుంది, అందరికంటే నేను ఎక్కువ నమ్ముతాను. పెద్దసారు ఆ అంకెలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, 'మీ అక్కగారే చెబుతున్నారుగా' అన్నారు. ఇంకేమంటాను?

మంచు నడిచేది తన బరువుతోనే అని నీకు నేను చెప్పాలా. పైన పడ్డ మంచు కింది మంచుని నొక్కితే అది ముద్దలా సాగుతుంది, అడుగున తడి ఉంటే జారుతుంది. పల్చబడిపోతే నొక్కే బరువే ఉండదు. అప్పుడది ఎండకి కరిగే మంచుగడ్డే తప్ప, ఏరులా పారే మంచు కాదు. తాత అని పిలిచినంత మాత్రాన దానికి బరువు రాదు.

అయినా మాట ఇస్తున్నాను. ఈసారి వరస వంగితే తెలుపు నేనే వేస్తాను, సంతకం కూడా నాదే ఉంటుంది.

ఇంకోమాట. మా ఇంట్లో వీధివైపు గది ఖాళీ చేసి ఉంచాం. కిటికీ కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది కాబట్టి చప్పుడుకి లోటుండదు. మెట్లు తక్కువ, నీ మోకాలికి మంచిది. ఇది ఆఫీసు మాట కాదు.

తమ్ముడు

జూలై 12

తమ్ముడా,

గది సంగతి చదివాక నాకు విషయం అర్థమైంది. అక్కని కొండ దింపాలని ముందే అనుకున్నావు, ఆ తర్వాత రంగు కలిపావు. కిటికీ కూడా చూసిపెట్టారు, సంతోషం. నేను సైకిలు చక్రాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మీ అందరికీ కడుపులో చల్ల కదలకుండా ఉంటుంది. నేను రాను. గదిలో మీ అమ్మాయిని పడుకోమను.

నిన్న మధ్యాహ్నం బండమెట్టు దగ్గర పెద్ద ముక్క విరిగిపడింది. నువ్వు వచ్చి చాలా ఏళ్ళయింది కాబట్టి చెబుతున్నాను. పైమంచు ఆ మెట్టు మీదికి వచ్చేసరికి బీటలు తీసి, ముక్కలై, కింద పడి మళ్ళీ అతుక్కుని మన గది ముందుకి వచ్చేది కదా. ఇప్పుడా మెట్టు నల్లగా బయటపడింది. పైమంచు పైనే, కిందిమంచు కిందే. మధ్యలో ఒక్క సన్నటి పాయ వేలాడుతుండేది, నిన్న విరిగింది అదే. మన గదికంటే పెద్ద ముక్క. మీ బావ చేతిలో గిన్నె వదిలేశాడు, మూకుడు నేను పట్టుకున్నాను.

బయటపడ్డ బండని నువ్వు చూడాలి. తాత అడుగున ఇరికిన రాళ్ళు దాన్ని నున్నగా అరగదీసి గీతలు గీశాయి, అన్నీ ఒకే వైపుకి. నీ గీతలకంటే తిన్నగా ఉన్నాయని నేననను, నువ్వే అంటావు. ఈ లోయని తొట్టిలా వెడల్పు చేసింది తాత. మన గది నిలబడ్డ రాళ్ళగుట్టని మోసుకొచ్చి పోసిందీ తాతే. ఇంటికి స్థలం ఇచ్చినవాడికి మ్యాపులో చోటు లేదంటే ఎలా ఒప్పుకుంటాను?

మోకాలు వాచింది. అంచు కర్రల దాకా పోగలుగుతున్నాను గాని, నడిమంచుకి పోలేకపోతున్నాను. పైన మంచు కరిగేకొద్దీ కర్రలు వదులై పడిపోతాయి కదా, పడిన బెజ్జంలోనే మళ్ళీ మంచు తొలిచే బర్మాతో లోతు చేసి పాతాలి. ఈ ఏడు ఆ పని మీ బావ మీద పెట్టాను. వంట తప్ప మరో పని తెలియనివాడు బర్మా భుజాన వేసుకుని పోతుంటే కాస్త ముచ్చటగానే ఉంది.

అక్క
కొలతల గది, ఇంకా తెరిచే ఉంది

ఆగస్టు 28

గీతలబాబూ,

కుంచె తడుపుకో.

వరస వంగింది. నిన్న తెల్లసున్నాల మధ్య చూపు పట్టి నేను ఇటు గోడ దగ్గర నిలబడ్డాను, మీ బావ తాడు పట్టుకుని మంచు మీద కొలిచాడు. అంచుల్లో ఇటు నాలుగు కర్రలు, అటు నాలుగు కర్రలు పాతినచోటే ఉన్నాయి. నడిమి మూడు కిందికి దిగాయి. ఒక్కోటి రెండేసి బారలు. రెండు బారలురా. నాన్న ఉన్నప్పుడు కూడా కొన్నేళ్ళు ఇంత రాలేదు.

నేను ఏడ్చాను, దాచడమెందుకు. జూలై అంతా కూడా ఏడ్చాను, అది నీకు రాయలేదు. ఎండలో కింది మంచు బూడిదరంగు తిరిగి, రాళ్ళు పైకి తేలి, మంచులా కనిపించనేలేదు. కాగితం మీద నీతో పోట్లాడుతున్నాను గాని, లోపల నాకూ అనుమానంగానే ఉండేది. ఇప్పుడు లేదు.

మీ పెద్దసారుకి చెప్పు. రెండేళ్ళు మంచం మీద ఉన్నవాడు లేచి తిరుగుతున్నాడని చెప్పు. గది మూసే కాగితం చింపి పొయ్యిలో వేశాను, టీ మరిగింది.

అక్క
కొలతల గది, తలుపులు బార్లా తెరిచి ఉంది

సెప్టెంబరు 6

అక్కకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని సరాసరి పెద్దసారు గదికి వెళ్ళాను. ఆయన ముందు నేను కూర్చోమనకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి. అంకెలు చెప్పాను. 'సంతకం ఎవరు పెడతారు?' అన్నారు. 'నేను' అన్నాను. 'తర్వాత తేడా వస్తే?' అన్నారు. 'మా అక్క కొలతలో తేడా వస్తే ఈ ఆఫీసులో ఉన్న మ్యాపులన్నీ తగలబెట్టుకోవచ్చు' అన్నాను. కాస్త ఎక్కువే మాట్లాడాను, కాని బాగుంది.

గోధుమరంగు గీకేశాను. తెలుపు వేశాను. నీ కోసం ఖాళీ చేసిన గదిలోకి నీ మరదలు మళ్ళీ ఇస్త్రీ బల్ల తెచ్చిపెట్టుకుంది. నిన్ను దింపడానికే రంగు కలిపానన్నావు చూడు, ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంది. దాని సంగతి కలిసినప్పుడు తేల్చుకుందాం.

తమ్ముడు

సెప్టెంబరు 15

అక్కా,

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియక ముందు రాసినవి చింపేశాను.

నిన్న నీ అంకెలు శుద్ధప్రతిలోకి ఎక్కిస్తూ వరసని గీశాను. నాలుగు చుక్కలు తిన్నగా వచ్చాయి. ఐదో చుక్క ఒక్కసారిగా రెండు బారలు కిందికి పడింది. ఆరు, ఏడు కూడా సరిగ్గా అంతే. ఎనిమిదో చుక్క మళ్ళీ పైన ఉంది. మంచు అలా నడవదక్కా. పక్కదాన్ని లాక్కుంటూ నడుస్తుంది. అంచు కొంచెం, లోపలికి ఇంకొంచెం, నడుమ ఎక్కువ. వరస విల్లులా వంగాలి. ఇది మెట్టులా విరిగింది. ఎవరో మూడు కర్రలు పీకి కింద పాతితే ఎలా ఉంటుందో అలా ఉంది.

నువ్వు తాత కోసం ఏమైనా చేస్తావని నాకు తెలుసు. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇంట్లో అందరికీ తెలుసు. నిన్ను ఏమీ అనడం లేదు. సంతకం నాది కాబట్టి అడుగుతున్నాను. నిజం చెప్పు చాలు, ఆ తర్వాత నేను నోరు మూసుకోమన్నా మూసుకుంటాను.

తమ్ముడు

సెప్టెంబరు 22

తమ్ముడా అని పిలవబుద్ధి కావడం లేదు.

నన్ను దొంగన్నావు. అనలేదని రాసి మరీ అన్నావు. రెండేళ్ళు వరస వంగకపోతే వంగలేదనే రాసి పంపాను. అబద్ధం ఆడేదాన్నయితే ఆ రెండేళ్ళే ఆడేదాన్ని, నీ రంగుకి, నీ పెద్దసారుకి, నీ కిటికీకి పని లేకుండా పోయేది. పైగా నోరు మూసుకుంటావట. నువ్వు నోరు మూసుకుంటే నిలబడే మంచు నాకెందుకు?

సెప్టెంబరు 24

పైది చింపకుండానే రాస్తున్నాను. అదీ నిజమే, ఇదీ నిజమే.

ఆ నాలుగు ముక్కలూ రాసి, కోపం చాలక, నీ ఉత్తరం మీ బావకి గట్టిగా చదివి వినిపించాను. 'చూడు, ఎవరో కర్రలు పీకి పాతారట, ఈ కొండ మీద ఆ ఎవరో ఎవరట' అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన గరిటె కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ కింద పెట్టాడు. 'నీ కోసమే' అన్నాడు. అంతే అన్నాడు.

నమ్మలేదు. మోకాలికి గుడ్డ చుట్టుకుని, కర్ర ఊతంతో నడిమంచుకి పోయాను. కర్రలున్న చోటు నుంచి రెండు బారలు పైన పాత బెజ్జాలు మూడూ ఉన్నాయి. కరిగి వెడల్పయ్యాయి గాని పూడిపోలేదు. చూపు పట్టి చూశాను. అంచు కర్రలతో కలిసి తిన్నగా ఒకే వరసలో ఉన్నాయి.

కాబట్టి విను. కొట్టెయ్. సంతకం వెనక్కి తీసుకో. తప్పు మా గదిలో జరిగిందని, గది బాధ్యత నాదని రాయి. మీ బావ పేరు రాయకు, ఆయన నా కింద పని చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాననుకుంటారు. అనుకోనీ. ఇది కూడా నా చేత్తోనే రాస్తున్నాను, అక్షరం వణకడం లేదు చూడు: బండమెట్టు కింద ఉన్న మంచు నడవడం లేదు. కింది తాత పోయాడు.

కాని మెట్టు పైన ఉన్న మంచుని ఎవరు కొలిచారు? నాన్న కొలవలేదు, అప్పుడంతా ఒకటే కాబట్టి ఆ అవసరం రాలేదు. నేను కొలవలేదు. మీ ఆఫీసు కొలవలేదు. కాళ్ళు చచ్చుబడ్డాయని మనిషి మొత్తాన్ని పాతిపెడతారా? రేపు కర్రలన్నీ పీకి పైకి మోస్తున్నాను. అక్కడ గోడల మీద కొత్త సున్నాలు వేస్తాను. గాడిదలాయన రెండు మోపులు మోస్తానన్నాడు, గాడిదలు ఇంకా ఏమీ అనలేదు.

అక్క
కొలతల గది

బావమరిదికి: ఆమె మంచు కోసం ఏడుస్తుంటే చూడలేక చేశాను. ఇప్పుడు నేను చేసిన పనికి అంతకంటే ఎక్కువ ఏడ్చింది. కర్ర జరపడం తేలిక, ఆమె ముందు నిలబడటం కష్టం. నీ ఉద్యోగానికి చేటు తెచ్చాను. క్షమించు అనడానికి ముఖం లేదు. బావ.

అక్టోబరు 4

అక్కకు,

బావ మీద కోపం వద్దు. నాకు వచ్చింది, నీ మరదలు పోగొట్టింది. 'మీరు నా కోసం ఏ కర్రా జరపలేదు కదా' అంది. నిన్ను అనుమానించడం మాత్రం నా తప్పే. నీ మొదటి నాలుగు ముక్కలూ నాకు దక్కాల్సినవే.

పెద్దసారు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నిలబడే చెప్పాను. 'ఒక నెలలో తెల్లదన్నావు, కాదన్నావు. రేపు మీ అక్క పచ్చదంటే పచ్చ వేస్తావా?' అన్నారు. 'ఆమె కళ్ళతో చూసి పచ్చదంటే వేస్తాను' అన్నాను. తప్పు కొలత తానే బయటపెట్టిన మనిషిని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మాలని కూడా అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు, విసిగిపోయాడు.

వేసిన తెలుపంతా గీకేసి, మెట్టు కింది భాగానికి గోధుమరంగు నా చేత్తోనే వేశాను. అంచు నువ్వన్నట్టే వణుకుతూ వచ్చింది. మెట్టు దగ్గర కుంచె ఆపాను. 'పూర్తి చెయ్' అన్నారు. కొలవని చోట రంగు వెయ్యనన్నాను. దాంతో నా బల్ల తీసేసి స్టోరుకి పంపారు. ఇప్పుడు కిటికీలోంచి పెన్సిళ్ళు, తాళ్ళు అందిస్తున్నాను. అయితే మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది, సంతకం పెట్టి మ్యాపు ఎవరు మొదలుపెడితే వాళ్ళే ముగించాలి, ఇంకొకరు కుంచె ముట్టకూడదు. అందుకని ఆ పైభాగం తెలుపూ కాకుండా, గోధుమా కాకుండా ఉత్త కాగితంలా ఉండిపోయింది. నవంబరు చివర అచ్చుకి పోవాలి. అప్పటిదాకా ఎవరెంత అరిచినా నేను కుంచె ముట్టను.

గది మూసే ఆర్డరు మాత్రం ఆగలేదు. తాళం వేయడానికి మనుషులు బయల్దేరుతున్నారు. పైన చలి ముదురుతోంది. మోకాలితో మెట్టెక్కకు, వచ్చెయ్ అని రాయాలి. రాసినా నువ్వు వినవు కాబట్టి స్టోరు నుంచి కొత్త తాడు పంపుతున్నాను. నా పేరు మీద రాయించి తీసుకున్నాను.

తమ్ముడు

అక్టోబరు 29

తమ్ముడికి,

తాడు అందింది. మంచి తాడు. బల్ల పోయినవాడు పంపిన తాడని మీ బావ మొదట దాన్ని ముట్టుకోలేదు. నేను ఆయన నడుముకే కట్టాను.

తాళం వేసేవాళ్ళు వచ్చారు. పాపం, కొండెక్కి రొప్పుతున్నారు. టీ ఇచ్చాను. కొంగు ముడి విప్పి తాళంచెవి నేనే ఇచ్చాను. గొడవ చేస్తానని చెప్పి పంపారట, ఒకడు తెల్లబోయి నిలబడ్డాడు. గొడవ ఎందుకు? గది ఉన్నది కింది మంచు కోసం, అది లేదు. గది మూసుకోమన్నాను. తాతకి గదీ లేదు, జీతమూ లేదు, ఆయన నడవాలంటే నడుస్తాడు. నేనూ అంతే. ఇప్పుడు మెట్టు పైన గొర్రెలవాళ్ళు వదిలేసిన రాళ్ళగోడల మధ్య ఉంటున్నాం, పైన టార్పాలిన్ కప్పి. మీ బావ మీద కోపంతో కొన్నాళ్ళు వంట నేనే చేశాను. ఆ శిక్ష ఇద్దరికీ పడింది, అందుకని ఆపేశాను.

వరస సెప్టెంబరు చివర పాతాను. కొత్త సున్నాలు రెండూ బండగోడలకే వేశాను, విడిరాళ్ళకి కాదు. అవే పదకొండు కర్రలు. నిన్న కొలిచాను. మీ బావని ఇటు గోడ దగ్గర కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, నీ తాడు నేను కట్టుకుని వెళ్ళాను. ఒక్కో కర్ర దగ్గర పాకుతూ కొలిచాను. మోకాలు తన పక్షం మార్చుకోలేదు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మంచు కూడా పల్లమెరుగు, దానికి కాస్త టైము కావాలి, అంతే. అంచు కర్రలు అక్కడే ఉన్నాయి. వాటి పక్కవి గోరంత. ఆ పక్కవి వేలెడు. ఇంకా లోపలివి బెత్తెడు. నడిమిది జానెడు.

రెండు బారలు కాదు, జానెడు. చూసి మీ పెద్దసారు నవ్వుతారేమో, నవ్వనీ. రెండు బారలకి ఆగస్టులో నేను ఏడ్చాను, ఈ జానెడుకి ఏడవలేదు. మంచు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాను, లోపల ఎక్కడో చిన్నగా చిటుక్కుమంది.

చలి ముదిరాక మీ కిటికీ గదికి వస్తున్నాం. ఇస్త్రీ బల్ల అక్కడే ఉంచమను, మేం సర్దుకుంటాం. ఒక్క చలికాలమే. మంచు మెత్తబడగానే మళ్ళీ ఇక్కడికే. అచ్చుకి పోయేలోపు ఈ కాగితం పెద్దసారు బల్ల మీద పెట్టు. కింద నా సంతకం ఉంది, మీ బావది కూడా పెట్టించాను. పెట్టేటప్పుడు చెయ్యి కడుక్కుని వచ్చాడు.

తర్వాత స్టోరు కిటికీ మూసి, నీ కుంచె తీసుకుని, ఆ ఖాళీ చోట తెలుపు వెయ్యి. పెద్దగా వెయ్యొద్దు, ఉన్నంతే వెయ్యి. అంచు వణికినా పరవాలేదు.

అక్క